వెబ్‌కామ్ పని – డాక్యుమెంటరీల చూపు

(మహిళా కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో నిన్నటి నుంచి మనం అసంఘటిత రంగంలో స్త్రీల శ్రమ గురించి మాట్లాడుకుంటున్నాం. బీడీలు చుట్టే స్త్రీల గురించి, ఇళ్లల్లో పనిచేసే స్త్రీల గురించి మాట్లాడేటప్పుడు మనకెవరికీ తడబాటు ఉండదు. కూలి ఎంత, పని గంటలెన్ని, మధ్యలో ఉన్న కాంట్రాక్టరు ఎంత మిగుల్చుకుంటున్నాడు అని నేరుగా అడుగుతాం. వెబ్‌కామ్ ముందు కూర్చుని లైంగిక ప్రదర్శనతో జీవనం సాగించే స్త్రీల దగ్గరికి వచ్చేసరికి మన ప్రశ్నలు మారిపోతాయి. ఇష్టపడే చేస్తోందా? ఇంట్లోవాళ్లకు తెలుసా? చిన్నప్పుడు ఏం జరిగిందో? ఇవీ మనం వేసే ప్రశ్నలు.

ఈ ప్రశ్నలు మనకు ఎక్కడి నుంచి వచ్చాయి? మనలో చాలామంది ఈ స్త్రీలను ఎప్పుడూ కలిసి ఉండరు. వాళ్లను చూసింది డాక్యుమెంటరీల్లోనే. ఆ చిత్రాలు వేసిన ప్రశ్నలనే మనమూ వేస్తున్నాం. కాబట్టి ఆ చిత్రాలు ఏం చూపుతున్నాయి, ఏం చూపడం లేదు, చూపే క్రమంలో ఆ స్త్రీలకు ఏం చేస్తున్నాయి అన్నది పరిశీలించడం మన పనే అవుతుంది.

ముందు ఈ పని ఏమిటో చెప్పుకుందాం. 1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కొందరు పరిశోధకులు, వేరే గదిలో ఉన్న కాఫీ పాత్ర నిండుగా ఉందో ఖాళీగా ఉందో కుర్చీలోంచి లేవకుండానే తెలుసుకోవడానికి దాని ఎదుట ఒక కెమెరా పెట్టారు. వెబ్‌కామ్ చరిత్ర అక్కడ మొదలవుతుందని చెబుతారు. ఐదేళ్లకు, 1996లో, అమెరికాలో జెన్నిఫర్ రింగ్లీ అనే కాలేజీ విద్యార్థిని తన హాస్టలు గదిలో కెమెరా పెట్టి రోజువారీ జీవితాన్ని ఇంటర్నెట్లో చూపించింది. 'జెన్నికామ్' అనే ఆ సైటు 2003 చివరిదాకా నడిచింది. చందా కట్టి చూసినవాళ్లూ ఉన్నారు. గదిలో ఉన్న స్త్రీని దూరాన కూర్చుని చూడడానికి జనం డబ్బు కడతారని అప్పుడే తేలిపోయింది.

ఈనాటి పద్ధతి వేరు. చూసేవాడు ముందుగా డబ్బు కట్టి సైటు దగ్గర 'టోకెన్లు' కొనుక్కుంటాడు. అందరికీ కనిపించే గదిలో ఆమె కబుర్లు చెబుతుంది, నవ్విస్తుంది, టోకెన్లు పడినదాన్ని బట్టి ప్రదర్శన ఇస్తుంది. ఒక్కడికే చూపే ప్రైవేటు షోకు నిమిషానికి ఇంత అని రేటు ఉంటుంది. చాటర్‌బేట్ అనే పెద్ద సైటు లెక్కనే తీసుకోండి. ఒక టోకెనుకు పనిచేసిన మనిషికి దక్కేది 5 సెంట్లు. కొనేవాడు అదే టోకెనుకు, ఎన్ని కొన్నాడన్నదాన్ని బట్టి, 8 నుంచి 11 సెంట్లదాకా కడతాడు. అంటే ఆమె చెమటలో సగం దాకా, కొన్నిసార్లు సగానికి పైగా సైటుదే. స్టూడియోలో పనిచేస్తే మిగిలిన దాంట్లో స్టూడియో యజమాని వాటా కూడా పోతుంది. గంటల తరబడి ఒక్క టోకెనూ పడకపోయినా ఆమె కెమెరా ముందు నవ్వు చెరగకుండా కూర్చోవాలి. నూలు కోసం ఎదురుచూసే మగ్గం మనిషికి ఆ ఎదురుచూపుకు కూలి లేనట్లే ఈమెకూ లేదు.

మరో సంగతి ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి. ఈ సైట్లలో చాలావాటిలో, ఫలానా దేశంలో, ఫలానా ప్రాంతంలో నా గది కనిపించకూడదని పెట్టుకునే వీలుంటుంది. చాలామంది స్త్రీలు ఆ అడ్డు పెట్టుకునేది తమ సొంత ప్రాంతానికే. అమ్మానాన్నలు, బంధువులు, పిల్లవాడి స్కూలు టీచరు, ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు చూడకూడదని. ఇది పూర్తి రక్షణ కాదు. చూసేవాళ్లలో కొందరు దొంగచాటుగా రికార్డు చేసి వేరే సైట్లలో పెడుతుంటారు. అయినా ఎవరికి కనిపించాలి, ఎవరికి కనిపించకూడదు, షో ఎప్పుడు ఆపేయాలి అనే నిర్ణయాలు ఈ పనిలో ఆమె చేతిలో మిగిలిన కొద్దిపాటి అధికారం.

ఇక డాక్యుమెంటరీల సంగతి. వీటిని వరసగా చూస్తే ప్రధానంగా రెండు కథలు కనిపిస్తాయి.

మొదటిది జాలి కథ. అద్దం ముందు మేకప్ వేసుకుంటున్న అమ్మాయి, ముఖం మీద కంప్యూటరు తెర వెలుగు, వెనక దిగులు సంగీతం. తర్వాత బాల్యం, చితికిపోయిన కుటుంబం, చివరికి కన్నీళ్లు. 2015లో జిల్ బావర్, రోన్నా గ్రేడస్ దర్శకత్వంలో వచ్చిన 'హాట్ గర్ల్స్ వాంటెడ్' ఈ తరహాకు పేరు తెచ్చింది. అది వెబ్‌కామ్ గురించి కాదు, మయామీలో బూతు చిత్రాల పనిలోకి వచ్చిన పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల అమ్మాయిల గురించి. దాని కొనసాగింపుగా 2017లో వచ్చిన ఆరు భాగాల ధారావాహికలో ఒక భాగం వెబ్‌కామ్ మీద ఉంది. ఆస్ట్రేలియాలో ఉండే ఒక కస్టమరు, ఏళ్లుగా తెర మీదే పరిచయమైన అమ్మాయిని నేరుగా కలుసుకోవడం దాని కథ. వాళ్లిద్దరి మధ్య ఉన్నది అనుబంధమా, వ్యాపారమా అన్నదే ప్రధాన ఆసక్తి. ఆ ఏళ్లన్నిట్లో ఆ కస్టమరు కట్టినదాంట్లో సైటుకు ఎంత వెళ్లింది అన్నది ఎవరికీ ఆసక్తి లేని విషయం.

రెండోది గెలుపు కథ. సొంత గది, సొంత వేళలు, ఆఫీసులో మేనేజరు వేధింపులు లేవు, చేతినిండా సంపాదన. షాన్ డన్ తీసిన 'కామ్ గర్ల్స్' (2014) ఈ వైపు మొగ్గుతుంది. అమెరికాలో ఈ పని చేసే స్త్రీలు తమ గదుల్లో కూర్చుని తమ గురించి తామే చెప్పుకుంటారు. వాళ్లను నేరస్తుల్లాగానో రోగుల్లాగానో చూడకపోవడం ఆ చిత్రంలోని మంచి. అయితే సొంత ఇంట్లోంచి పనిచేసుకునే మనిషి కథను మొత్తం పరిశ్రమ కథగా తీసుకోలేం. సామాజిక శాస్త్రవేత్త ఏంజెలా జోన్స్ 2020లో ప్రచురించిన 'కామింగ్' అనే పుస్తకంలో ఈ పనిలో స్త్రీలు పొందే సంతృప్తినీ, ఆదాయాన్నీ దాచలేదు. దాంతోపాటే తెల్లజాతి స్త్రీలకూ నల్లజాతి స్త్రీలకూ మధ్య ఉన్న ఆదాయపు తేడానూ, జాతి వివక్షతో కూడిన తిట్లనూ, దొంగ రికార్డింగులనూ కూడా లెక్కలోకి తీసుకుంది. ఈ రెండు వైపులా ఒకే చిత్రంలో కనిపించడం అరుదు.

జాలి కథ, గెలుపు కథ పైకి ఒకదానికొకటి వ్యతిరేకం అనిపిస్తాయి. నిజానికి రెండూ అడిగేది ఒకటే ప్రశ్న: ఆమె మనసులో ఏముంది? ఒకరు బాధ ఉందంటారు, ఒకరు స్వేచ్ఛ ఉందంటారు. బొగ్గు గనిలోకి దిగే కార్మికుణ్ణి నీకీ పని ఇష్టమేనా అని అడిగి, ఇష్టమే అన్నాడని గని కూలిపోకుండా చూడవలసిన బాధ్యత యాజమాన్యానికి లేదంటామా? ఇష్టం లేదన్నాడని గని మూసేసి అతని కూలి ఎగ్గొడతామా? స్త్రీ చేసే పనికి లైంగికతతో సంబంధం ఉన్నప్పుడు మాత్రం ఆమె మనసు ఒక్కటే చర్చనీయాంశమై, యజమాని చర్చలోంచి జారుకుంటాడు. పితృస్వామ్యం మొదట స్త్రీ శీలాన్ని విచారిస్తుంది. శ్రమ సంగతి ఆ తర్వాతే, అదీ తీరిక ఉంటే.

యజమానిని చర్చలోకి తెస్తే ఏం బయటపడుతుందో 2024 డిసెంబరులో హ్యూమన్ రైట్స్ వాచ్ ప్రచురించిన నివేదిక చూపించింది. కొలంబియాలోని వెబ్‌కామ్ స్టూడియోల మీద, అక్కడి కార్మికుల హక్కుల బృందాలతో కలిసి చేసిన అధ్యయనం అది. రుమేనియాలాగే కొలంబియా కూడా ఈ స్టూడియోలకు పెద్ద కేంద్రం. మురికిగా, నల్లులు, బొద్దింకలతో ఉన్న ఇరుకు గదులు, విరామం లేని పొడుగాటి షిఫ్టులు, యజమానులు ఆపేసిన వేతనాలు, ఇష్టం లేని చేష్టలు చేయమని బలవంతాలు అందులో నమోదయ్యాయి. అంతకన్నా ఆలోచించవలసిన విషయం అకౌంట్ల సంగతి. ఆమె పేరుతో తెరిచిన అకౌంటు స్టూడియో గుప్పిట్లో ఉంటుంది. ఆమె పని మానేసినా ఆ అకౌంటును మరొకరికి, కొన్నిసార్లు మైనరు బాలికలకు కూడా, అంటగడతారు. ఆమె ఏళ్ల తరబడి సంపాదించుకున్న కస్టమర్లు స్టూడియో ఆస్తి అయిపోతారు. సైటు పెట్టిన నిబంధనలు ఏమిటో ఆమెను చదవనివ్వరు. ఆ నివేదిక సైట్ల పేర్లు పెట్టి మరీ బాధ్యత అడిగింది. దాని డిమాండ్లు మనకు కొత్తవి కావు: శుభ్రమైన పని స్థలం, విరామం, వేతనం లెక్క, కాదనే హక్కు, ఫిర్యాదు చేసుకునే చోటు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. డాక్యుమెంటరీ తీసేవాళ్లు బయటి నుంచి చూస్తున్న తటస్థులమని అనుకుంటారు. వాళ్ల చేతిలో ఉన్నది కూడా కెమెరాయే. మొదటి కెమెరా ముందు ఆమెకు ఎంతో కొంత డబ్బు వస్తుంది, ఆపేసే మీట ఆమె దగ్గర ఉంటుంది, సొంత ప్రాంతానికి అడ్డు పెట్టుకోగలదు. రెండో కెమెరా ముందు ఈ మూడూ ఉండవు. సాధారణంగా డబ్బు ఇవ్వరు, ఇస్తే నిజాయితీ పోతుందంటారు. సంతకం పెట్టాక ఆపే వీలు లేదు. ఇక చూసేవాళ్లు ఎవరు? ఆమె ఎవరి కంట పడకూడదనుకుందో సరిగ్గా వాళ్లే. సెక్స్ సైటు తెరవని పిన్ని, పక్కింటి మాస్టారు ఇంట్లో సోఫాలో కూర్చుని డాక్యుమెంటరీ చూస్తారు. ఆమె కట్టుకున్న గోడను సైటు కూల్చకపోయినా, ఆమె మీద సానుభూతితో తీసిన చిత్రం కూల్చేస్తుంది.

ఇది ఊహ కాదు. ఇందాక చెప్పిన 2017 ధారావాహిక చివరి భాగంలో, పెరిస్కోప్ అనే లైవ్ ప్రసార వేదికలోని కొన్ని దృశ్యాలను ముఖాలు కప్పకుండా వాడారు. వాటిలో సెక్స్ వర్క్ చేసే స్త్రీలూ ఉన్నారు. మమ్మల్ని అడగలేదు, మేమీ పని చేస్తామని ప్రపంచానికి చాటేశారు అని వాళ్లు నిరసన తెలిపారు. ఆ దృశ్యాలు అందరికీ కనిపించే వేదిక మీద పెట్టినవే కాబట్టి వాడుకునే హక్కు మాకుంది అన్నది నిర్మాతల సమాధానం. చట్టం ప్రకారం అది చెల్లుతుందేమో. కానీ రోడ్డు మీద నడిచే ఆడపిల్ల అందరికీ కనిపిస్తుంది గనక ఎవరైనా ఫోటో తీసి పోస్టరు వేసుకోవచ్చన్న వాదానికి, ఈ వాదానికి తేడా ఏమిటి? స్త్రీలపై దోపిడీని ఎత్తిచూపడానికి తీసిన చిత్రమే, తీసినవాళ్లలో స్త్రీలు ఉండి కూడా, ఆ వాదాన్ని ఆశ్రయించింది.

మన దేశంలోనూ దీనికి చరిత్ర ఉంది. సోనాగాచీ పిల్లల మీద తీసిన 'బార్న్ ఇంటూ బ్రోతల్స్'కు 2005లో ఆస్కారు వచ్చింది. అక్కడ 1995 నుంచి వేలాది స్త్రీలతో పనిచేస్తున్న దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ ఉనికి ఆ చిత్రంలో కనిపించదని, తల్లులు తిట్లు తిట్టేవాళ్లుగా మాత్రమే మిగిలిపోయారని విమర్శలు వచ్చాయి. అంతకు ముందే, 2002లో, అదే సోనాగాచీలో షోహినీ ఘోష్ 'టేల్స్ ఆఫ్ ద నైట్ ఫెయిరీస్' తీశారు. అందులో వాళ్లు తమ సంఘం గురించి, పోరాటాల గురించి మాట్లాడే మనుషులుగా కనిపిస్తారు. ఊరు ఒకటే, పని ఒకటే. అడిగిన ప్రశ్నలు వేరు.

2010లో సాంగ్లీలో జరిగింది ఇంకా చెప్పుకోదగినది. దేవదాసీ స్త్రీల మీద ఒక విదేశీ సంస్థ 'ప్రాస్టిట్యూట్స్ ఆఫ్ గాడ్' అనే చిత్రం తీసి ఇంటర్నెట్లో పెట్టింది. అందులో కనిపించిన స్త్రీలు 'వేశ్యా అన్యాయ ముక్తి పరిషత్' సభ్యులు. తమ మాటలను వక్రీకరించారనీ, తమ నమ్మకాన్ని వమ్ము చేశారనీ వాళ్లు ఆగ్రహించారు. ఊరికే ఊరుకోలేదు. కెమెరా ముందు కూర్చుని, తమ భాషలో, ఆ చిత్రానికి జవాబుగా తామే ఒక వీడియో చేసి ప్రపంచం ముందు పెట్టారు. చదువు రాదని, నోరు లేదని అనుకున్న స్త్రీలు సినిమా విమర్శ చేసి చూపించారు. నా దృష్టిలో ఈ విషయం మీద మన దేశంలో జరిగిన గొప్ప చర్చల్లో అదొకటి.

మన తెలుగు టీవీ చానళ్ల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. 'గుట్టు రట్టు' అని కింద అక్షరాలు పరిగెడుతుంటాయి. చున్నీతో ముఖం కప్పుకుంటున్న అమ్మాయి వెంట కెమెరా పరిగెడుతుంది. విటుడి ముఖం మాత్రం కనిపించదు. 2022 మే 19న సుప్రీంకోర్టు బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో ఇచ్చిన ఉత్తర్వుల్లో దీని గురించి స్పష్టంగా చెప్పింది. దాడులు, అరెస్టులు, రక్షణ చర్యలు జరిగినప్పుడు సెక్స్ వర్కర్ల గుర్తింపు బయటపడే ఫోటోలు ప్రచురించకూడదు, ప్రసారం చేయకూడదు. చాటుగా చూసే నేరానికి సంబంధించిన శిక్షా స్మృతి 354సి సెక్షన్ను ఎలక్ట్రానిక్ మీడియాపై కచ్చితంగా అమలు చేయాలి. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో అదే నేరం 77వ సెక్షన్లో ఉంది. ఈ ఉత్తర్వు మన కార్యకర్తలందరి దగ్గరా ఉండాలి.

వెబ్‌కామ్ పనికి వస్తే మన దేశంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. సమాచార సాంకేతిక చట్టం 67ఎ సెక్షన్ ప్రకారం లైంగిక చర్యలను ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురించినా, ప్రసారం చేసినా మొదటి నేరానికే ఐదేళ్లదాకా జైలు, పది లక్షల రూపాయలదాకా జరిమానా. కెమెరా ముందు ఉన్న స్త్రీ బాధితురాలు కావచ్చు, బలవంతాన వచ్చి ఉండవచ్చు. ప్రసారం చేసింది నువ్వే కదా అని ఆమె మీదే కేసు పెట్టడానికి ఈ సెక్షన్లో వీలుంది. అలాంటప్పుడు ముఖం, గొంతు, గది కిటికీలోంచి కనిపించే వీధి చూపించిన చిత్రం ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం అవుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మరి దుర్మార్గాలు బయటపెట్టొద్దా? బలవంతంగా తెచ్చినవాళ్లు, మైనర్లు ఉంటే చూపించొద్దా? తప్పకుండా బయటపెట్టాలి. పిల్లల విషయంలో దాన్ని పని అనే ప్రసక్తే లేదు, అది నేరం. ఎలా బయటపెట్టాలన్నదే ప్రశ్న. 2013లో టెర్ డెజోమ్ అనే సంస్థ కంప్యూటరుతో 'స్వీటీ' అనే పదేళ్ల ఫిలిప్పీన్స్ పాప బొమ్మను సృష్టించి ఇంటర్నెట్ చాట్ గదుల్లోకి పంపింది. పది వారాల్లో ఇరవై వేల మంది ఆ 'పాప'ను వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లలో వెయ్యిమందిని గుర్తించి వివరాలు పోలీసులకు అప్పగించారు. ఆ పద్ధతి మీద చట్టపరమైన చర్చలు ఉన్నాయి, ఉండనివ్వండి. అక్కడ ఒక్క నిజమైన పాప ముఖమూ చూపలేదు. కెమెరా కొనేవాడి వైపు తిరిగింది. మన డాక్యుమెంటరీలు ఆ వైపు ఎందుకు తిరగవు? కస్టమర్ల ముఖాలు, సైట్ల యజమానుల ముఖాలు, స్టూడియో లెక్కల పుస్తకాలు ఎన్ని చిత్రాల్లో చూశాం?

ఆ స్త్రీలు తమ కథ తాము చెప్పుకుంటే ఎలా ఉంటుందో కూడా చూశాం. వెబ్‌కామ్ పని చేసిన ఐసా మజ్జీ తన అనుభవం మీద మొదట డాక్యుమెంటరీ ఆలోచన చేసి, తర్వాత దాన్ని వదిలి కల్పిత కథ రాసింది. అదే 2018లో వచ్చిన 'కామ్' సినిమా. అందులో భయం పుట్టించేది ఆమె చేసే పని కాదు. తన అకౌంటును, తన ముఖాన్ని తనలాంటి రూపమే దొంగిలిస్తే, ఫిర్యాదుకు కంపెనీ నుంచి గానీ పోలీసుల నుంచి గానీ సాయం అందకపోవడమే భయం. కొలంబియా నివేదికలోని అకౌంట్ల సంగతి గుర్తు తెచ్చుకోండి. పని తెలిసిన మనిషికి ఎక్కడ నొప్పి ఉందో తెలుసు.

గోడల మీది అశ్లీల సినిమా పోస్టర్లకు తారు పూసిన చరిత్ర మన సంఘాలది. స్త్రీలను అసభ్యంగా చూపడాన్ని నిషేధిస్తూ 1986లో చట్టం రావడం వెనక స్త్రీల ఉద్యమం ఒత్తిడి ఉంది. స్త్రీ శరీరాన్ని సరుకు చేసే వ్యాపారం మీద ఆ కోపం న్యాయమైనదే, అది పోకూడదు. దానికి ఇప్పుడు రెండు ప్రశ్నలు కలపాలి. ఆ బొమ్మలో ఉన్న మనిషికి కూలి ముట్టిందా? ఆ బొమ్మ ఎక్కడ కనిపించాలో చెప్పే హక్కు ఆమెకుందా?

చివరగా మనం చేయగలిగిన పని. చిత్రాలు తీసేవాళ్లు, విద్యార్థులు, విలేకరులు మన సంఘాల దగ్గరికి వచ్చి, ఎవరైనా అమ్మాయిని పరిచయం చేయమని అడుగుతుంటారు. తలుపు దగ్గర ఉన్నది మనమే. తలుపు తీసే ముందు ఈ ప్రశ్నలు అడుగుదాం. ఆమె గడిపే సమయానికి ఎంత ఇస్తారు? చిత్రం ఏ దేశాల్లో, ఏ భాషల్లో, ఎన్నేళ్లు చూపిస్తారు? తన ప్రాంతంలో చూపొద్దంటే ఒప్పుకుంటారా? ఒప్పంద పత్రం ఆమెకు వచ్చిన భాషలో ఉందా? ఎడిటింగ్ అయ్యాక ఆమెకు చూపి, వద్దన్న భాగం తీసేస్తారా? ముఖం, గొంతు, ఇల్లు ఎలా దాస్తారు? కేసు పడితే లాయరు ఖర్చు ఎవరిది? సైటునూ స్టూడియోనూ కూడా ప్రశ్నిస్తారా, ఆమె ఒక్కదాన్నేనా?

ఈ ప్రశ్నలకు జవాబు రాసి ఇవ్వనివాళ్లకు మన ద్వారా ఎవరి పరిచయమూ దొరకకూడదని ఈ తరగతిలో తీర్మానం చేసుకుందామని నా ప్రతిపాదన. వీటిలో కలపవలసినవీ, దిద్దవలసినవీ ఉంటే ఇప్పుడు చర్చలో చెప్పండి. ముఖ్యంగా ఏదో ఒక రోజు కెమెరా ముందు కూర్చోవలసి వచ్చి, ఆ తర్వాత ఆ బొమ్మ ఎటు పోయిందో తెలియని వాళ్లు ఈ గదిలో ఉంటే, ముందు వాళ్లు మాట్లాడాలని కోరుతున్నాను.